సైన్స్ స్టాండర్డ్స్ తల్లిదండ్రులకు అర్థమవుతాయా? ఎన్‌జీఎస్‌ఎస్ వెబ్‌సైట్, పేరెంట్ గైడ్లపై సమీక్ష

అమెరికాలో చాలా రాష్ట్రాల బడులు సైన్స్ బోధనకు ఆధారంగా తీసుకుంటున్న నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్‌కు, అంటే ఏ తరగతి పిల్లలు ఏం సాధించాలో చెప్పే, అందరూ క్లుప్తంగా ఎన్‌జీఎస్‌ఎస్ అని పిలిచే ప్రమాణాలకు, ఒక అధికారిక వెబ్‌సైట్ ఉంది. స్టాండర్డ్స్ మొత్తాన్నీ అక్కడ ఉచితంగా చదువుకోవచ్చు. తల్లిదండ్రుల కోసం ప్రత్యేకంగా రాసిన పేరెంట్ గైడ్లు కూడా అక్కడే దొరుకుతాయి. పిల్లలు ఇంటికొచ్చి ‘ఇవాళ సైన్స్‌లో యాక్టివిటీ చేశాం’ అన్నప్పుడు, అది ఎందుకు చేయించారో, దానితో ఏం తేలాలో తెలుసుకోవాలనుకునే తెలుగు తల్లిదండ్రులకు ఈ రెండూ ఎంతవరకు పనికొస్తాయో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. గైడ్లు పరిచయానికి సరిపోతాయి గానీ అంతకు మించి సాయపడవు. అసలు విలువంతా స్టాండర్డ్స్ పేజీల్లోనే ఉంది. చూడగానే బెదరగొట్టే ఆ పేజీలను చదవడం ఎలాగో ఎవరైనా పక్కన కూర్చుని ఒక్కసారి చెబితే, ఏ తల్లిదండ్రులైనా ఆ తర్వాత సొంతంగా చదువుకోగలరు.

ముందుగా కొంత నేపథ్యం చెప్పాలి. 2011లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా సైన్స్ విద్య ఎలా ఉండాలో వివరిస్తూ ఒక ఫ్రేమ్‌వర్క్‌ను విడుదల చేసింది. దాని ఆధారంగా 26 రాష్ట్రాలు ముందుండి రాయించిన స్టాండర్డ్స్ 2013 ఏప్రిల్‌లో వెలువడ్డాయి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్, వాషింగ్టన్ వంటి 20 రాష్ట్రాలు, వాటితోపాటు రాజధాని ప్రాంతమైన డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా వీటిని యథాతథంగా స్వీకరించాయి. మరికొన్ని రాష్ట్రాలు అదే ఫ్రేమ్‌వర్క్‌ను ఆధారం చేసుకుని సొంత స్టాండర్డ్స్ రాసుకున్నాయి. మన వాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే టెక్సస్ ఎన్‌జీఎస్‌ఎస్‌ను స్వీకరించలేదు, అక్కడ టెక్స్ అనే సొంత స్టాండర్డ్స్ ఉన్నాయి. కాబట్టి ఈ వెబ్‌సైట్ తెరిచే ముందు మీ రాష్ట్రం ఏ స్టాండర్డ్స్‌ను పాటిస్తోందో రాష్ట్ర విద్యాశాఖ పేజీలో చూసుకోవడం అవసరం.

పేరెంట్ గైడ్లు తరగతులను నాలుగు బృందాలుగా తీసుకుంటాయి: కిండర్‌గార్టెన్ నుంచి రెండు, మూడు నుంచి ఐదు, ఆరు నుంచి ఎనిమిది, తొమ్మిది నుంచి పన్నెండు. ఒక్కో గైడ్ కొద్ది పేజీలే ఉంటుంది. సైన్స్ చదువు ఎందుకు ముఖ్యమో, తరగతి గదిలో ఇకమీదట ఏ తరహా పనులు తగ్గి ఏవి పెరుగుతాయో చెప్పి, టీచరుతో మాట్లాడమనీ, బడిలో నేర్చుకున్నదానికి ఇంట్లో ఊతమివ్వమనీ సూచిస్తుంది. తల్లిదండ్రులు చదువుకున్నవాళ్లా కాదా అన్న తేడా లేకుండా అందరితో ఒకే మర్యాదతో మాట్లాడటం ఈ గైడ్లలో నాకు బాగా నచ్చిన గుణం. అయితే చదవడం ముగించాక చేతిలో మిగిలేది ఒక సదభిప్రాయం మాత్రమే. పిల్లలు బట్టీ పట్టడం మాని తమంతట తాము కనుక్కోవాలని గైడ్ చెబుతుంది. మన అమ్మాయి తరగతిలో అది నిజంగా జరుగుతోందో లేదో దేన్ని చూసి పోల్చుకోవాలన్న దగ్గర మాత్రం మనకు సాయం అందదు. ఆ ఆధారం కోసం స్టాండర్డ్స్ పేజీలకే వెళ్లాలి.

అక్కడ మొదటి ఇబ్బంది కోడ్లతో వస్తుంది. 5-ఎల్‌ఎస్‌1-1 వంటి అక్షరాలూ అంకెలూ చూడగానే ఇది టీచర్ల వ్యవహారమని పేజీ మూసేసే వాళ్లు నాకు చాలామంది తెలుసు. నిజానికి అందులో కష్టమేమీ లేదు. మొదటి అంకె తరగతి. మిడిల్ స్కూలైతే ఎమ్‌ఎస్ అనీ హైస్కూలైతే హెచ్‌ఎస్ అనీ ఉంటుంది. తర్వాతి అక్షరాలు విభాగాన్ని చెబుతాయి: పీఎస్ అంటే భౌతిక, రసాయన విషయాలు, ఎల్‌ఎస్ అంటే జీవశాస్త్రం, ఈఎస్‌ఎస్ అంటే భూమి, అంతరిక్షం, ఈటీఎస్ అంటే ఇంజినీరింగ్. మిగిలినవి ఆ విభాగంలోని మూల భావనకూ, దాని కింది వాక్యానికీ వరుస సంఖ్యలు. ఆ వాక్యాన్ని పెర్ఫార్మెన్స్ ఎక్స్‌పెక్టేషన్ అంటారు. పాఠం పూర్తయ్యేసరికి పిల్లలు ఏం చేసి చూపించగలగాలో అది చెబుతుంది. ఈ చివరి మాటను గట్టిగా పట్టుకోవాలి. పిల్లలకు ఏం తెలిసి ఉండాలన్న దగ్గర ఆగకుండా, తెలిసినదానితో ఏం చేయగలగాలో చెప్పడమే ఈ స్టాండర్డ్స్ ప్రత్యేకత.

ఇందాకటి కోడ్‌నే తీసుకుందాం. మొక్కలు తమ ఎదుగుదలకు కావలసిన పదార్థాన్ని ప్రధానంగా గాలి నుంచీ నీటి నుంచీ తీసుకుంటాయన్న వాదనను ఐదో తరగతి పిల్లలు ఆధారాలతో సమర్థించగలగాలని ఆ వాక్యం చెబుతుంది. దాని కింద ఉన్న వివరణ, ఆ పదార్థం మట్టి నుంచి కాదు, అధిక భాగం గాలి నుంచీ నీటి నుంచే వస్తుందన్న భావనకు ప్రాధాన్యం ఇవ్వాలని స్పష్టం చేస్తుంది. ఇది చదివి ఆశ్చర్యపోని పెద్దవాళ్లు తక్కువ. మా ఇంట్లో ఈ పాఠం నడుస్తున్న రోజుల్లో మా అమ్మ ఇక్కడే ఉంది. ‘ఎరువు వేస్తేనే కదే మొక్క ఎదిగేది, మట్టిలో సారం లేకపోతే ఏం ఎదుగుతుంది?’ అని మనవరాలిని అడిగింది. ‘నువ్వు కుండీలో వేసిన ఎరువు ఎంత బరువుంటుంది అమ్మమ్మా? మరి కాసిన టమాటాలు ఎంత బరువున్నాయి?’ అని పాప ఎదురు ప్రశ్న వేసింది. అమ్మ కాసేపు ఆలోచించి, ‘అయితే కుండీలో మట్టి తగ్గాలి కదా, తగ్గలేదే’ అంది. స్టాండర్డ్ కోరుతున్న వాదన సరిగ్గా ఇదే. ఎవరి చేతిలోనూ ప్రయోగ సామగ్రి లేదు. అయినా ఆ కాసేపట్లో అక్కడ జరిగింది సైన్సే.

ఇదే ప్రశ్నను పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రజ్ఞుడు తూకం వేసి పరీక్షించాడు. 200 పౌన్ల ఎండబెట్టిన మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్కను నాటి, 5 సంవత్సరాల పాటు నీళ్లు మాత్రమే పోశాడు. చివరికి చెట్టు 169 పౌన్లకు పైగా తూగింది, మట్టి మాత్రం సుమారు 2 ఔన్సులే తగ్గింది. చెట్టంతా నీటితోనే తయారైందని ఆయన తేల్చాడు. గాలి పాత్ర ఆయన లెక్కలోకి రాలేదు. 1648లో అచ్చయిన ఈ ప్రయోగాన్ని ఐదో తరగతి పిల్లలకు చెప్పి, ఆయన కొలతల్లో లోపముందా, కొలతల నుంచి చేసిన నిర్ధారణలో లోపముందా అని అడిగితే, స్టాండర్డ్ కోరుతున్న వాదన ఎలా ఉంటుందో వాళ్లకు బాగా బోధపడుతుంది. మట్టిలోని ఖనిజాలు మొక్కకు అక్కర్లేదని దీని అర్థం కాదు. అవి తప్పనిసరిగా కావాలి, కాకపోతే మొక్క బరువులో వాటి వాటా చాలా స్వల్పం.

ప్రతి వాక్యం కిందా మూడు రంగుల గళ్లు ఉంటాయి. వాటిని చదవగలిగితే పేజీ మొత్తం అర్థమైనట్టే. ఎడమవైపు నీలం గడిలో పిల్లలు చేయాల్సిన పని ఉంటుంది, మధ్యలో నారింజ గడిలో నేర్చుకోవాల్సిన విషయం ఉంటుంది, కుడివైపు ఆకుపచ్చ గడిలో సైన్స్ శాఖలన్నిటికీ వర్తించే ఆలోచన ఉంటుంది. కార్యకారణ సంబంధం, పునరావృతమయ్యే క్రమాలు, పదార్థమూ శక్తీ ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయన్నది, ఇలాంటి ఆలోచనలు మొత్తం ఏడు. నీలం గడిలోకి వచ్చే పనులు ఎనిమిది: ప్రశ్నలు అడగడం, నమూనాలు తయారుచేసి వాడటం, పరిశోధనను ప్రణాళిక వేసి నిర్వహించడం, డేటాను విశ్లేషించడం, గణితాన్ని ఉపయోగించడం, వివరణలు నిర్మించడం, ఆధారాలతో వాదించడం, సమాచారాన్ని సేకరించి బేరీజు వేసి ఇతరులకు తెలియజేయడం.

ఈ ఎనిమిదింటిలో మనం ప్రయోగం అని పిలిచేది నేరుగా ఒక్కటే. మిగతా ఏడూ ప్రయోగానికి ముందు జరగాల్సిన ఆలోచన, తర్వాత జరగాల్సిన ఆలోచన. హ్యాండ్స్-ఆన్ సైన్స్ అంటే చేతులకు పని చెప్పడమేనని అనుకునే తల్లిదండ్రులకు, అలాగే అనుకునే కొన్ని బడులకు కూడా, ఈ జాబితా చదవడం చాలా అవసరం. మనలో చాలామంది ఇంటర్మీడియట్‌లో ప్రాక్టికల్స్ చేసినవాళ్లమే. సరళ లోలకాన్ని ఊపి, డోలనాలు లెక్కపెట్టి, గురుత్వ త్వరణం విలువ కట్టి రికార్డులో రాశాం. విధానం ముందే రాసి ఉంది, రావలసిన జవాబు ముందే తెలుసు, మార్కులు ఆ విలువకు ఎంత దగ్గరగా వచ్చామన్నదాని మీద ఆధారపడ్డాయి. చేతులతో చేశామన్నది నిజమే. కానీ ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో, లోలకం పొడవునే ఎందుకు మారుస్తున్నామో, గుండు బరువును ఎందుకు మార్చడం లేదో నిర్ణయించే అవకాశం మనకు రాలేదు. ఎన్‌జీఎస్‌ఎస్‌లో మూడో తరగతికి ఉన్న 3-పీఎస్2-1 చూడండి. సమతుల్యంగా ఉన్న బలాలు, సమతుల్యంగా లేని బలాలు ఒక వస్తువు కదలికను ఎలా మారుస్తాయో తేల్చే పరిశోధనను పిల్లలే ప్రణాళిక వేసి నిర్వహించాలని అది అడుగుతుంది. ఎనిమిదేళ్ల పిల్లలను అడుగుతున్న పని ఇది. మన చదువులో ఇంటర్ దాకా కూడా దీన్ని ఎవరూ మనకు అప్పగించలేదన్న సంగతి నన్ను నిజంగా కదిలించింది.

యాక్టివిటీ అనేది స్టాండర్డ్ ప్రకారం నడిచినప్పుడు ఎంత మారిపోతుందో ఒక ఉదాహరణతో చూపిస్తాను. బేకింగ్ సోడాలో వెనిగర్ పోసి నురగ పొంగించే అగ్నిపర్వతం దాదాపు ప్రతి బడిలోనూ కనిపిస్తుంది. మా అమ్మాయి బడిలో కూడా ఒక ఏడాది దాన్ని చేయించి, రంగులు వేయించి, ఫొటోలు తీసి పంపారు. దాన్నుంచి పిల్లలు ఏం తేల్చుకున్నారో ఆ ఫొటోల్లో ఎక్కడా లేదు. ఇప్పుడు 5-పీఎస్1-2 చదవండి. పదార్థాలను వేడిచేసినా, చల్లార్చినా, కలిపినా మొత్తం బరువు మారదనడానికి ఆధారంగా కొలతలు తీసి గ్రాఫ్ గీయాలని అది కోరుతుంది. అదే సోడానూ వెనిగర్‌నూ తూకం మీద పెట్టండి. మూతలేని గ్లాసులో ఒక టీస్పూన్ సోడా, అది పూర్తిగా కరిగేంత వెనిగర్ కలిపితే, తూకంలో 2 గ్రాములకు పైగా తగ్గుదల కనిపిస్తుంది. బరువు మారదని స్టాండర్డ్ చెబుతుంటే తూకం తగ్గుతోంది. పిల్లలు నిజంగా ఆలోచనలో పడేది ఇక్కడే. వాయువు బయటికి పోయిందని ఎవరో ఒకరు అంటారు. అయితే పోకుండా ఆపి చూడాలి కదా?

చాలామంది ఇక్కడ జిప్ సంచి వాడతారు. సంచి మూసి ఉంది కాబట్టి బరువు తగ్గకూడదని ఆశిస్తారు, కానీ అది ఉబ్బేకొద్దీ తూకం కొంచెం తగ్గినట్టే చూపిస్తుంది. పదార్థం ఏమీ బయటికి పోలేదు. ఉబ్బిన సంచి తన చుట్టూ ఉన్న గాలిని పక్కకు నెట్టి, ఆ గాలి బరువు మేరకు పైకి తేలుతోంది. ఒక లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు ఉంటుంది కాబట్టి వంటింటి డిజిటల్ తూకానికి కూడా ఆ తేడా అందుతుంది. ఉబ్బని పాత్ర కావాలి. రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో వెనిగర్ పోసి, ఒక టీస్పూన్‌కు మించకుండా సోడాను టిష్యూ కాగితంలో చుట్టి లోపలికి జారవిడిచి, వెంటనే మూత బిగిస్తే, నురగ అణిగాక కూడా తూకం అలాగే నిలబడుతుంది. మూత నెమ్మదిగా తిప్పి వాయువును వదిలితే అప్పుడు తగ్గుతుంది. ఇది పెద్దవాళ్లు పక్కనుండి చేయించాల్సిన పని. గాజు సీసా వాడకూడదు, కొలత పెంచకూడదు. ఇంత చేసినా ఖర్చు అగ్నిపర్వతం బొమ్మకు అయ్యేదానికంటే తక్కువే. తేడా సామగ్రిలో లేదు, తూకం వేయాలన్న నిర్ణయంలోనూ, వచ్చిన అంకెను నమ్మాలా వద్దా అన్న చర్చలోనూ ఉంది. పేరెంట్ గైడ్లు ఇలాంటి ఒక్క ఉదాహరణనైనా చివరిదాకా నడిపించి చూపిస్తే వాటి విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

స్టాండర్డ్స్ పేజీలో మన తెలుగు తల్లిదండ్రులు ప్రత్యేకంగా చదవాల్సింది అసెస్‌మెంట్ బౌండరీ అనే చిన్న వాక్యం. ఆ తరగతిలో పిల్లలను ఎంతవరకు పరీక్షించవచ్చో, ఏది పరీక్షించకూడదో అది చెబుతుంది. కంటికి కనిపించనంత చిన్న కణాలతో పదార్థం తయారైందని చూపే నమూనాను ఐదో తరగతి పిల్లలు తయారుచేయాలి, కానీ ఆ కణాలు ఏమిటో నిర్వచించమని అడగకూడదు. మిడిల్ స్కూల్‌లో రసాయన చర్య జరిగిందో లేదో తేల్చడానికి సాంద్రత, ద్రవీభవన స్థానం, మరిగే ఉష్ణోగ్రత, కరిగే గుణం, మండే గుణం, వాసన వంటి లక్షణాలనే విశ్లేషిస్తారు. మన పిల్లలు ఐదో తరగతిలోనే పరమాణువు, ప్రోటాను, ఎలక్ట్రాను అని గడగడా చెబితే మనకు సంతోషంగా ఉంటుంది. బడిలో ఇంకా అవి చెప్పలేదని తెలిసి చదువు వెనకబడిందని కంగారుపడి, ట్యూషన్‌లో చేర్పించే వాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. ఆ హద్దు అక్కడ కావాలనే పెట్టారు. పేరు ముందే తెలిసిన పిల్లలు ఆధారం వెతకడం మానేస్తారు. అందుకే ఈ ఒక్క వాక్యం గురించి గైడ్లు ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఇక లోపాల సంగతి. ఒకే స్టాండర్డ్స్‌ను అంశాల వారీగా ఒకసారి, మూల భావనల వారీగా మరోసారి అమర్చారు. టీచర్లకు ఇది సౌకర్యం గానీ, కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు రెండు వేర్వేరు సిలబస్‌లు ఉన్నాయని భ్రమపడతారు. పేజీ అడుగున గణితం, ఇంగ్లిష్ స్టాండర్డ్స్‌తో ఉన్న సంబంధాలను చూపే వరుసలు మొదటిసారి చదివేవాళ్లకు అవసరం లేదు, దాటేయవచ్చు. వీటికంటే పెద్ద విషయం మరొకటుంది. ఎన్‌జీఎస్‌ఎస్ పాఠ్యప్రణాళిక కాదు. ఏ పుస్తకం వాడాలో, ఏ యాక్టివిటీ చేయించాలో, వారానికి ఎన్ని గంటలు కేటాయించాలో అందులో ఉండదు, అవన్నీ స్కూల్ డిస్ట్రిక్ట్, బడి, టీచరు నిర్ణయించుకునేవి. ఈ విషయంలో టెక్సస్ మార్గం వేరు. అక్కడ హైస్కూల్ ల్యాబ్ సైన్స్ కోర్సుల్లో బోధన సమయంలో కనీసం 40 శాతం ల్యాబ్, ఫీల్డ్ పరిశోధనలకు కేటాయించాలన్న నిబంధన ఉంది. సమయానికి లెక్క ఉంటే తల్లిదండ్రులు నేరుగా అడగగలరు, అది ఒక బలం. అయితే ఆ 40 శాతంలో పిల్లలు ఆలోచిస్తున్నారా, చెప్పినట్టు చేస్తున్నారా అన్నది ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. ఈ రెండు రకాల సమాచారమూ ఒకేచోట దొరికితే బాగుండేది.

పరీక్షల గురించి తల్లిదండ్రులకు ఉండే ఆందోళనకు కూడా ఇక్కడ సూటిగా సమాధానం దొరకదు. 2015 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ 3 నుంచి 5, 6 నుంచి 9, 10 నుంచి 12 తరగతుల్లో, ఒక్కో బృందంలో కనీసం ఒకసారి చొప్పున సైన్స్ పరీక్ష పెట్టాలి. కాలిఫోర్నియాలో ఆ పరీక్ష ఐదో తరగతిలో, ఎనిమిదో తరగతిలో, హైస్కూల్‌లో ఒకసారి ఉంటుంది. గణితం, ఇంగ్లిష్ మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా పరీక్షిస్తారు కాబట్టి, కింది తరగతుల్లో సమయం చాలనప్పుడు ముందుగా కోతపడేది సైన్స్ పీరియడే. టీచర్లను తప్పుపట్టే ముందు ఈ ఒత్తిడిని మనం అర్థం చేసుకోవాలి. మీ బడిలో సైన్స్‌కు వారానికి ఎంత సమయం దొరుకుతోందని ప్రిన్సిపాల్‌ను అడగడం ఏ గైడ్ చదవడం కంటే కూడా ముందు చేయాల్సిన పని.

మీ పిల్లలు ఐదో తరగతి లోపు ఉంటే గైడ్‌ను ఒకసారి చదివి పక్కన పెట్టి, వాళ్ల తరగతి స్టాండర్డ్స్ పేజీని తెరవండి. పేరెంట్-టీచర్ కాన్ఫరెన్స్‌కు వెళ్లే ముందు ప్రస్తుతం నడుస్తున్న యూనిట్ కోడ్ ఏమిటో టీచరుకు మెయిల్ పెట్టి తెలుసుకుని, నీలం గడి చదువుకుని వెళ్లండి. ‘మా పాప సైన్స్‌లో ఎలా ఉంది?’ అని అడిగితే బాగానే ఉందన్న జవాబే వస్తుంది. దానికి బదులు ‘ఈ యూనిట్‌లో పరిశోధనను పిల్లలే ప్రణాళిక వేశారా, అందులో మా పాప ఏ నిర్ణయం తీసుకుంది, తన వాదనకు ఏ ఆధారం చూపించింది?’ అని అడిగి చూడండి. ఇలా అడిగినప్పుడు మా అమ్మాయి టీచరు సొరుగులోంచి ఆమె సైన్స్ నోట్‌బుక్ తీసి, కొట్టివేసి మళ్లీ గీసిన మొక్క బొమ్మను చూపించి, మొదటి బొమ్మలో బాణాలన్నీ మట్టి నుంచే వచ్చాయనీ, రెండోదానిలో ఆకుల వైపు నుంచి కూడా వచ్చాయనీ పావుగంట సేపు వివరించారు. మిడిల్ స్కూల్, హైస్కూల్ పిల్లల తల్లిదండ్రులు ఆ పేజీని పిల్లలతో కలిసి చదవడం మంచిది. ఆ వయసు పిల్లలు తమ కోర్సు ఏం కోరుతోందో తామే చదివి అర్థం చేసుకోగలరు, మనకు వివరించగలరు కూడా.